హెడ్‌సెట్ పెట్టుకుంటేనే నోరు విప్పుతున్నారు

అమెరికా కాలేజీల్లో నల్లజాతి కుర్రాళ్లు రాత్రి ఒంటిగంట దాకా గేమ్స్ ఆడుతున్నారనగానే చదువు చెడగొట్టుకుంటున్నారని తీర్పు చెప్పేస్తాం. నన్నడిగితే, తెల్లవాళ్లే ఎక్కువగా ఉండే క్యాంపస్‌లో వాళ్లు చదువు మానకుండా నిలబడుతున్నారంటే ఆ హెడ్‌సెట్‌కీ కొంత పుణ్యం దక్కాలి.

బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ ఎన్‌బీఏ 2కేలో మ్యాచ్ నడుస్తోందనుకోండి. ఒకడు ఆస్టిన్ హాస్టల్లో, ఇంకొకడు అట్లాంటా మోర్‌హౌస్ కాలేజీలో, మూడోవాడు సొంతూళ్లోనే ఏదో ఉద్యోగంలో ఉంటాడు. ముందు కాసేపు బాల్ వదిలేశావని ఒకర్నొకరు తిట్టుకుంటారు, పరువు తీసుకుంటారు, హాఫ్‌టైమ్ వచ్చేసరికి ఎవడో ఒకడు "కెమిస్ట్రీ పోయేలా ఉందిరా" అనేస్తాడు. కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి కాబట్టి సిగ్గు అడ్డురాదు. అదే ఎదురుగా కుర్చీ వేసి "నీ బాధేంటో చెప్పు బాబూ" అంటే ఏ ఇరవై ఏళ్లవాడు చెబుతాడు? అవతలి కుర్చీలో నల్లజాతి కౌన్సెలర్ కనిపించడమూ అరుదే. తాతల కాలంలో బార్బర్ షాపులో సాగిన ముచ్చట్లే ఇప్పుడు పార్టీ చాట్‌లో, అంటే ఆడుతూనే దోస్తులంతా మాట్లాడుకునే వాయిస్ కాల్‌లో, సాగుతున్నాయి.

నిద్ర పాడవుతుందంటారా, నిజమే. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడే లాబీల్లో గొంతు వినగానే జాతి బూతులు మొదలవుతాయన్నదీ నిజమే, ఎక్స్‌బాక్స్ లైవ్ అనే ఆన్‌లైన్ గేమింగ్ సర్వీసులో ఈ తంతు గురించి పరిశోధకురాలు కిషోనా గ్రే ఏళ్లుగా రాస్తున్నారు. అయితే ఏంటి? ఆ బూతులు పడలేకే కదా తెలిసినవాళ్లను మాత్రమే పిలుచుకుని ప్రైవేట్ చాట్‌లు, డిస్కార్డ్ యాప్‌లో సొంత గ్రూపులు పెట్టుకుంటున్నది!

అసలు అడగాల్సింది, ఈ కుర్రాళ్లు కలిసి కూర్చోవడానికి క్యాంపస్‌లో చోటెక్కడ మిగిల్చారని. 2023లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద డాక్టరు, అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనం మహమ్మారిలా పాకుతోందని దేశాన్ని హెచ్చరించారు. ఏడాది తిరక్కుండానే, 2024 జనవరి 1న, టెక్సాస్‌లో ఎస్‌బీ 17 చట్టం అమల్లోకొచ్చి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డీఈఐ ఆఫీసులకు, అంటే అన్ని జాతుల పిల్లలకూ సమానంగా చోటు దక్కేలా చూసే విభాగాలకు, తాళాలు పడ్డాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో పిల్లలు పోగయ్యే మల్టీకల్చరల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ మూతపడింది. మార్చిలో ఫ్లోరిడా యూనివర్సిటీదీ అదే దారి. ఉన్న గదులకు తాళం వేసి, గదిలో కూర్చుని గేమ్స్ ఆడుతున్నారని మళ్లీ వాళ్లనే అనడం!

డాలస్‌లో ఉన్న మన తల్లిదండ్రులు ఇదంతా నల్లవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకుంటున్నారేమో. ఆస్టిన్ సెంటర్ మూసేసినప్పుడు అండ కోల్పోయిన విద్యార్థి సంఘాల్లో ఆసియా, దేశీ పిల్లలదీ ఒకటుంది.