గురువారం మూడింటి వన్-ఆన్-వన్ గారికి

మేనేజరూ నేనూ ఇద్దరమే కూర్చుని మాట్లాడుకోవాల్సిన వన్-ఆన్-వన్ మీటింగ్ గారూ,

క్యాలెండర్‌లో మీరింకా ఉన్నారో లేదో చూసుకోకుండానే రాస్తున్నా, ఎందుకంటే చూసేలోపు శుక్రవారానికి జరిగిపోతారు, అక్కణ్ణుంచి "వచ్చే వారం చూద్దాం"లోకి.

ఆరు వారాల్లో మనం కలిసింది ఒక్కసారే. ముప్పై నిమిషాల మీరు పదకొండు నిమిషాలకి చిక్కిపోయి వచ్చారు. "చెప్పు, వింటున్నా" అన్నారు మా మేనేజర్ గారు. ఆయన కళ్లద్దాల్లో మెయిల్స్ పైకీ కిందికీ కదులుతున్నాయి. నేను అడగాలనుకున్నది ఒక్కటే, టెస్టింగ్‌కి ఇంకో మనిషినైనా ఇవ్వండి, రిలీజ్ తేదీనైనా జరపండి అని. సగంలో ఉండగానే ఫోన్ మోగింది. "నోట్ చేసుకున్నా" అన్నారు, చేతిలో పెన్ను లేదు.

ఈయన ప్రొఫైల్‌లో పేరు కింద "సర్వెంట్ లీడర్" అని ఉంటుంది, అంటే తన కిందివాళ్లకి సేవ చేసే నాయకుడని. 1970లో ఒక వ్యాసంతో ఆ మాటని పైకి తెచ్చిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన మనిషి, మేనేజర్లంటే ఏంటో తెలియక రాసినాయన కాదు. సేవ అందుకునేవాళ్లు ముందుకంటే ఆరోగ్యంగా, తెలివిగా, స్వేచ్ఛగా తయారవుతున్నారా, అదే పరీక్ష అన్నాడు. మా టీమ్ ఆరోగ్యం సంగతి మీరు అడగొద్దు, నేను చెప్పను. ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ అయితే అసలు మీరు కింది ఉద్యోగి సొత్తనీ, ఏం మాట్లాడాలో అతనే తేల్చుకోవాలనీ 1983లోనే రాసిపెట్టాడు. మీకీ విషయం ఎవరైనా చెప్పారా?

నిజానికి మా సార్ చెడ్డవారేం కాదు. పైవాళ్ల రివ్యూ ఉందంటే పది నిమిషాల ముందే లైన్లో ఉంటారు, అది ఒక్కసారి కూడా వాయిదా పడలేదు. టైమ్ చాలనప్పుడు ముందు మీ మీదే వేటు, ఎందుకంటే మీరు పోతే అడిగేవాళ్లు లేరు.

ఇదంతా కడుపుమంటతో రాస్తున్నానని అనుకోకండి. గత నెల నాకూ ఇద్దరు జూనియర్లని అప్పగించారు. నిన్న క్లయింట్ కాల్ ఒకటి వచ్చిపడితే, ఆలోచించే పనే లేకుండా నా చెయ్యి సరాసరి మీ మీదకే వెళ్లింది. రీషెడ్యూల్ నొక్కేశాను.

నిమిషంలో మెసేజ్ వచ్చింది. "పర్లేదండీ, మీకు వీలున్నప్పుడే." ఆరు వారాలుగా నేను పంపుతున్న మెసేజే, అక్షరం తేడా లేదు.

ఇట్లు,
గురువారం మూడింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే మనిషి