తెలీక కాదు బావా

మా పర్లాకిమిడి తెలుగోళ్ళ గ్రూపులో నిన్న రాత్రి మా బావ ఒక ఫార్వర్డ్ పడేశాడు, అప్పటికే నాకది మూడు గ్రూపుల్లో వచ్చేసింది. "రువాండాలో 1994లో జరిగింది వేల ఏళ్ళ నాటి తెగల కొట్లాట, ప్రపంచానికి తెలిసేలోపే అయిపోయింది, తెలిసినా ఎవరూ ఏం చెయ్యలేకపోయేవారు" అని. కింద వరసగా దండాల బొమ్మలు.

ముందు ఆ తెగల సంగతి. చంపింది హుటూల్లోని తీవ్రవాదులు, చచ్చింది ఎక్కువగా టుట్సీలు. హుటూలైనా టుట్సీలైనా మాట్లాడేది ఒకటే భాష, కిన్యారువాండా. అవే కొండలు, అవే చర్చిలు. మన ఊళ్ళో మనకీ ఒడియా వాళ్ళకీ ఉన్నంత తేడా కూడా లేదు, మనకి కనీసం ఇంట్లో భాష వేరు (అయినా మన పిల్లలు వాళ్ళింట్లో పొఖాళొ (వాళ్ళ చద్దన్నం) తినొస్తారనుకో). ఉన్న తేడాని 1930ల్లో అక్కడ పాలించిన బెల్జియం వాళ్ళు గుర్తింపు కార్డు మీద రాసి గట్టి చేశారు. 1994లో రోడ్లకి అడ్డాలు పెట్టి అడిగింది ఆ కార్డే. బోర్డర్ చెక్‌పోస్టులో లారీ డ్రైవరు కాగితాలు తీసిస్తాడు చూడు, అలా తీసివ్వాలి, అందులో టుట్సీ అని ఉంటే అంతే. వేల ఏళ్ళ పగైతే మనిషిని గుర్తుపట్టడానికి కార్డెందుకు బావా?

ఇంక తెలీలేదన్న మాట. చంపడం మొదలైంది ఏప్రిల్ 7న. అక్కడున్న ఐక్యరాజ్యసమితి సైన్యం కమాండర్ రోమియో డలైర్ న్యూయార్క్‌లోని సమితి ఆఫీసుకి కేబుల్ సందేశం పంపింది జనవరి 11న, అంటే మూడు నెలల ముందు. రాజధాని కిగాలీలో టుట్సీల పేర్లు రాయిస్తున్నారు, 20 నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలమంటున్నారు, ఆయుధాలు దాచిన చోటు తెలిసింది, వెళ్ళి పట్టుకుంటాను అన్నాడు. వద్దన్నారు! జూన్‌కొచ్చాక కూడా అమెరికా అధికార ప్రతినిధి జాతి నిర్మూలన అనకుండా "జాతి నిర్మూలన చర్యలు" అంటూ నానబెట్టింది, ఎందుకంటే ఆ మాట ఒప్పుకుంటే జాతి నిర్మూలన మీద దేశాలు చేసుకున్న 1948 ఒప్పందం ప్రకారం ఆపాల్సొస్తుందని భయం.

ఏం చెయ్యలేకపోయేవారా? తెల్లవాళ్ళని తీసుకెళ్ళడానికి ఫ్రాన్స్, బెల్జియం విమానాలు మూడు నాలుగు రోజుల్లోనే దిగాయి కదా. కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో సమితి సైన్యంలోని బెల్జియం సైనికులున్నారన్న ధైర్యంతో సుమారు 2,000 మంది తలదాచుకున్నారు. గేటు బయట కత్తులతో మూక. ఏప్రిల్ 11న సైనికులు జీపులెక్కి వెళ్ళిపోయారు, ఆ జనంలో ఎక్కువమందిని ఆ రోజే చంపేశారు. ఇంకో పది రోజులకి, 21న, సమితి భద్రతా మండలి అక్కడున్న తన సుమారు 2,500 మంది సైన్యాన్ని 270కి తగ్గించమని తీర్మానం చేసింది. ఆపడానికి కాదు, తగ్గించడానికి. అయినా మిగిలిన ఆ కొద్దిమందే కిగాలీలోని అమహోరో స్టేడియంలో వేలమందికి కాపలా కాశారు. వాళ్ళలో ఒకడైన సెనెగల్ కెప్టెన్ ఎంబాయే డియాన్ చేతిలో ఆయుధం లేకుండానే అడ్డాల దగ్గర నవ్వుతూ మాట్లాడి వందలమందిని దాటించాడు, మే 31న మోర్టార్ గుండు తగిలి చనిపోయాడు.

వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది బావా. ఫార్వర్డ్ డిలీట్ చెయ్యకపోయినా పర్లేదు, కింద జనవరి 11 అని ఒక్క ముక్క రాసి పంపు.