సవరణ: బేస్‌మెంట్ బెడ్‌రూమ్ కిటికీ కొలతలు

అమెరికాలో బేస్‌మెంట్ (ఇంటి కింద, నేలలోపల ఉండే అంతస్తు) ఫినిషింగ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, అమ్మానాన్నలు వస్తే ఉండటానికి కింద బెడ్‌రూమ్ వేయించుకునేవాళ్లకు 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు కిటికీ చాలని రాశాను. అది తప్పు. నిబంధనల్లో వెడల్పుకూ ఎత్తుకూ విడివిడిగా ఉన్న కనీస కొలతలను కలిపి ఒకే కిటికీ అనుకున్నాను.

లెక్క వేస్తే ఆ కిటికీ 3.3 చదరపు అడుగులే. చాలా రాష్ట్రాలు ఆధారం చేసుకునే ఐఆర్‌సీ (ఇళ్ల నిర్మాణ నియమావళి) ప్రకారం, నిప్పంటుకుంటే బయటపడే దారిగా వాడే కిటికీ కనీసం 5.7 చదరపు అడుగులు ఉండాలి. నేలమట్టానికి దగ్గరగా ఉండే కిటికీకైతే 5. అంటే వెడల్పు 20 అంగుళాలే పెడితే, 5.7 రావడానికి ఎత్తు 41 దాటాలి. కిటికీ అడుగు అంచు గది ఫ్లోర్ నుంచి 44 అంగుళాలు మించకూడదు.

ఇంకోటి, ఈ కొలత ఫ్రేముది కాదు, పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీది. స్లైడింగ్ కిటికీలో సగం అద్దం ఎప్పుడూ అడ్డమే కాబట్టి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కిటికీ బయట తవ్వే గుంట కూడా 9 చదరపు అడుగులుండాలి, లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెన తప్పనిసరి.

ఊరిని బట్టి నిబంధనలు మారతాయి. కాంక్రీటు గోడ కోయించకముందే మీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి.