సవరణ: సెపాంగ్‌లో పోయింది బ్యాటరీ కాదు, బేరింగ్

పోయిన ఆదివారం ఫార్ములా వన్ హైబ్రిడ్ ఇంజన్ల మీద, అంటే పెట్రోలు ఇంజన్‌కు కరెంటు మోటారు తోడుండే వాటి మీద, రాసిన పోస్టులో ఒక తప్పు, ఒక తొందరపాటు దొర్లాయి. 2016లో సెపాంగ్ ట్రాక్ మీద జరిగిన మలేషియా రేసులో ముందున్న మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్ కారు వెనక మంటలు రావడానికి హైబ్రిడ్ బ్యాటరీ కారణమని రాశాను. కాదు. పోయింది అచ్చంగా ఇంజన్ భాగమే. పిస్టన్ కదలికను క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే ఇంజన్‌లో తిరిగే ఇరుసుకు, అందించేది కనెక్టింగ్ రాడ్. దాని పెద్ద చివరన, ఆ ఇరుసును పట్టుకుని ఉండే బేరింగ్.

గాజువాకలో లారీ ఇంజన్లు విప్పే మా చిన్నాన్న ఫోన్ చేసి మరీ తిట్టాడు. షెడ్డుకి వెళ్తే అరిగిపోయిన అలాంటి బేరింగే ఒకటి నా చేతిలో పెట్టాడు. సగానికి విరిగిన చేతిగాజులా ఉంది, గోరు పెడితే గీతలు తగులుతున్నాయి. "దీనికీ కరెంటుకీ ఏటిరా సంబంధం?" అన్నాడు.

హైబ్రిడ్ మోటారు పోతే రేసు పోయినట్టే అన్నది నా తొందరపాటు. 2018 మొనాకో రేసులో రెడ్‌బుల్ డ్రైవర్ రికియార్డో కారులో ఎంజీయూ-కే, అంటే బ్రేకు వేసినప్పుడు కరెంటు తయారుచేసి మళ్లీ చక్రాలకు అందించే మోటారు, పనిచేయలేదు. 120 కిలోవాట్లు, సుమారు 160 హార్స్‌పవర్ లేకుండానే గెలిచాడు. ఆ రేసు జరిగేది ఊరి ఇరుకు వీధుల్లో, అక్కడ వెనకవాళ్లు దాటడమంటే మా విశాఖ పూర్ణా మార్కెట్ సందులో ఆటోను దాటడమే మరి!

ఆ పోస్టులో ఇచ్చిన 2014 కెనడా రేసు ఉదాహరణ మాత్రం సరైనదే, మార్చలేదు. రెండు మెర్సిడెస్ కార్లలోనూ అదే మోటారు ఆగింది. కారును ఆపడంలో అది మోసే భారమంతా వెనక బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి హామిల్టన్ తప్పుకున్నాడు. రెండో మెర్సిడెస్ నడిపిన రోస్‌బర్గ్ ఎలాగో రెండో స్థానంలో నెట్టుకొచ్చాడు. ఆ రోజు గెలిచిందీ రికియార్డోయే.