ముందు కాదన్నారు, ఇప్పుడు వీరులంటున్నారు

ఉత్తర కొరియా సైనికులు రష్యా కోసం పోరాడుతున్నారని 2024 అక్టోబరులో దక్షిణ కొరియా చెబితే రష్యా, ఉత్తర కొరియా వాళ్లు అదంతా కట్టుకథ అన్నారు. ఐక్యరాజ్యసమితిలో కూర్చుని మరీ కొట్టిపారేశారు. 2025 ఏప్రిల్ 26న రష్యా సైన్యాధిపతి గెరాసిమోవ్ వాళ్లు రష్యా సరిహద్దు ప్రాంతమైన కుర్స్క్‌లో బాగా పోరాడారని మెచ్చుకున్నారు. రెండు రోజులకే ఉత్తర కొరియా ప్రభుత్వం, అంటే ప్యాంగ్యాంగ్ కూడా అవును, మేమే పంపామని ఒప్పుకుని, రాజధానిలో స్మారకం కడతామంది. అబద్ధం బయటపడితే ఎవరైనా తల దించుకుంటారు, వీళ్లు శిల్పుల్ని పిలుస్తున్నారు.

ఈ నాటకం మనకు కొత్త కాదు. 2014లో ఉక్రెయిన్‌కి చెందిన క్రిమియాలో దిగిన బ్యాడ్జీలు లేని సైనికులు తమవాళ్లు కాదంది రష్యా, తర్వాత తమవాళ్లేనని పుతినే చెప్పారు. 2021 చివర్లో ఉక్రెయిన్ సరిహద్దులో లక్ష మంది వరకు సైన్యాన్ని పోగేసి, దాడి చేసే ఆలోచనే లేదన్నారు, 2022 ఫిబ్రవరి 15న కొన్ని దళాలు వెనక్కి వెళ్లిపోతున్నాయని కూడా ప్రకటించారు, 24న ట్యాంకులు లోపలికి వెళ్లాయి. ముందు కాదనడం, పని కానిచ్చేయడం, ఆ తర్వాత ఔనని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం. మా భయమల్లా ఒక్కటే, ఇది చెల్లుబాటైపోతోంది.

ఉత్తర కొరియాతో చేసుకున్న 2024 జూన్ ఒప్పందం ప్రకారమే సైన్యం వచ్చిందని, పశ్చిమ దేశాలు మాత్రం ఉక్రెయిన్‌కి ఆయుధాలు పంపడం లేదా అని మాస్కో వాదన. పంపుతున్నాయి, అమెరికా అయితే 2025 మార్చిలో కొన్నాళ్లు ఆ సాయాన్ని ఆపేసి చెయ్యి మెలిపెట్టింది కూడా.  కానీ ఉత్తర కొరియాతో ఆయుధాల లావాదేవీలు వద్దని 2006లో భద్రతామండలి తీర్మానం చేసినప్పుడు చెయ్యెత్తిన రష్యాయే, ఆ ఆంక్షల అమలును గమనించే నిపుణుల బృందాన్ని 2024 మార్చిలో వీటో చేసి మూసేయించింది. దొంగతనానికి ముందే కాపలావాణ్ని ఇంటికి పంపేశారన్నమాట.

మన దగ్గర పుతిన్ ఫ్యాన్స్ తక్కువేం లేరు. బెజవాడ టీకొట్ల దగ్గర నిలబడితే మగాడంటే ఆయనేనండీ అనేవాళ్లు ఇద్దరైనా తగులుతారు. వాళ్లకి గల్వాన్ గుర్తుందా? 2020లో తూర్పు లద్దాఖ్‌లో చైనా పోగేసిన సైన్యం ఊరికే ఉండలేదు, సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మందిని పోగొట్టుకున్నాం, తన వైపు ఎవరూ చనిపోలేదన్నట్టు నెలల తరబడి కూర్చుని చివరికి నలుగురని చెప్పింది చైనా. సరిహద్దులో సైన్యాన్ని దింపి లోకం కళ్లల్లో చూస్తూ కాదని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ చెయ్యరు అన్న పాఠం ఉక్రెయిన్ దగ్గర ఆగదు. పహల్గాం తర్వాత మన కళ్లన్నీ పాకిస్తాన్ వైపే ఉన్నాయి, ఉండాలి కూడా, కానీ ఈ పాఠాన్ని బీజింగ్ కూడా చదువుతోంది.

ఢిల్లీ మాత్రం గట్టిగా నోరు విప్పదు. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి తీసుకెళ్లిన మన పిల్లల్ని కందకాల్లోకి తోశారు. రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మందని, అందులో 12 మంది చనిపోయారని, 16 మంది జాడ తెలియడం లేదని 2025 జనవరిలో మన విదేశాంగ శాఖే లెక్క చెప్పింది. ప్యాంగ్యాంగ్ తన సైనికులకు స్మారకమైనా కడతామంది. రష్యా పాత స్నేహితుడే, చమురు కొనుక్కోండి, మేం వద్దనం. ఆ స్నేహితుణ్ని మా 16 మంది ఎక్కడ అని నలుగురిలో గట్టిగా అడగడానికి కూడా ఇంత మొహమాటమైతే విశ్వగురువు అనే మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి.