ఫ్యాక్టరీ తెరిచేదాకా బకాయిలు ఆగాలా?

బోధన్ చక్కెర ఫ్యాక్టరీని, అంటే నిజాం షుగర్స్‌ను, తెరిపిస్తామని చెప్పకుండా నిజామాబాద్ జిల్లాలో ఓట్లు అడిగిన పార్టీ ఏదీ నాకు గుర్తు లేదు. తెరిస్తే నాకూ సంతోషమే. కానీ ఒక పరిశ్రమ మూతపడి వందల మంది రోడ్డున పడినప్పుడు ప్రభుత్వం చేయవలసిన మొదటి పని పునఃప్రారంభం గురించి మాట ఇవ్వడం కాదు. అప్పటిదాకా పనిచేసినవారికి రావలసిన డబ్బు వారి చేతికి అందేలా చూడడం. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి, ఫ్యాక్టరీ తెరిస్తే అన్నీ వస్తాయన్నట్టు మాట్లాడడం వల్లనే నిజాం షుగర్స్ కార్మికులు ఇన్నేళ్లు నలిగిపోయారని నా అభిప్రాయం.

నిజాంసాగర్ ఆయకట్టులో చెరకు పుష్కలంగా పండుతుందన్న నమ్మకంతో 1930లలో పుట్టిన ఈ సంస్థను 2002లో ప్రైవేటుపరం చేసినప్పుడు 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది, 49 శాతం ప్రభుత్వం వద్దే ఉండిపోయింది. ఈ 49 శాతం సంగతి అందరూ మరిచిపోతారు. 2014 ఎన్నికలకు ముందు వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్న హామీ వినిపించింది. 2015లో మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘాలకు అప్పగిస్తామన్నారు. అదే ఏడాది డిసెంబరులో శక్కర్‌నగర్ (బోధన్), ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడింటికీ లే ఆఫ్ ప్రకటించారు. డిసెంబరంటే క్రషింగ్ సీజన్. చెరకు కోతకు ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ల కోసం రైతులు తిరగవలసిన, చెరకు ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరవలసిన రోజుల్లో ఆ గేటుకు నోటీసు అంటించారు. సగానికి కాస్త తక్కువ వాటా ఉన్న భాగస్వామి అప్పటి నుంచి పొరుగింటి గొడవకు తీర్పు చెప్పే పెద్దమనిషిలా ప్రవర్తించడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లే ఆఫ్‌లో ఉన్న మనిషి ఉద్యోగం ఉందనీ చెప్పుకోలేడు, పోయిందనీ చెప్పుకోలేడు. పేరు రికార్డుల్లోనే ఉంటుంది కాబట్టి లెక్క తేల్చి పంపించరు. పని లేదు కాబట్టి జీతం ఇవ్వరు. నలభై ఐదేళ్లు దాటి, చక్కెర పాకం ఏ దశలో దించాలో తప్ప వేరే పని తెలియని పాన్‌మ్యాన్ ఈ స్థితిలో కిరాణా కొట్టు ఖాతాకు ఏం జవాబు చెప్పాలి?

అసలు దెబ్బ తర్వాత పడింది. 2019 జూన్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి, ఆదేశించింది. దివాలా చట్టం ప్రకారం ఆ తేదీకి ముందున్న 24 నెలల కార్మిక బకాయిలకు మాత్రమే తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానమైన స్థానం దక్కుతుంది. అంతకంటే పాతవి బాగా కింది వరుసలోకి జారిపోతాయి. అంటే 2015 డిసెంబరు నుంచి 2017 నడిమి దాకా పేరుకున్న బకాయిలు, కేవలం జాప్యం జరిగిన కారణంగా, ఆస్తులు అమ్మినా వస్తాయో రావో తెలియని బాకీలుగా మారాయి. కార్మికులు చేసిన తప్పేమీ లేదు. ఇవాళ రేపు తెరుస్తారని నమ్మి ఎదురుచూశారంతే. కమిటీల పేరిట గడిచిన ప్రతి నెలా వారి జేబులోంచే పోయిందని లెక్క వేసి చెప్పినవారు మాత్రం కనిపించలేదు.

2024 జనవరిలో కొత్త ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన మరో కమిటీ వేసి, ఆ తర్వాత బ్యాంకుల అప్పును ఒకేసారి చెల్లించి తేల్చుకునే వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కు డబ్బు ఇచ్చింది. తాకట్టు విడిపించకుండా ఫ్యాక్టరీ కదలదు కాబట్టి అది అవసరమే, నేను కాదనను. అయితే బ్యాంకుల బాకీ కోసం ఖజానా తెరవగలిగినప్పుడు, అంతకంటే ఏళ్ల ముందే జీతాల బకాయిల కోసం ఎందుకు తెరవలేదు? ప్రభుత్వం ముందుగా కార్మికులకు చెల్లించి, వారి క్లెయిమును తన పేరిట బదిలీ చేయించుకుని, లిక్విడేటర్ దగ్గర వరుసలో తానే నిలబడి ఉండవచ్చు. ఏళ్ల తరబడి నిరీక్షించే శక్తి ఖజానాకు ఉంటుంది, ఇంటి అద్దె కట్టవలసినవాడికి ఉండదు.

పర్మినెంటు కార్మికుల గతే ఇలా ఉంటే సీజనల్ కార్మికులను, కాంట్రాక్టు కూలీలను, హమాలీలను ఎవరు లెక్కపెడతారు? చెరకు రైతు కష్టపడైనా వరికో పసుపుకో మళ్లగలడు, లేదా దూరపు ఫ్యాక్టరీకి లారీ కిరాయి పెట్టుకుని పంపగలడు. సీజన్‌కు నాలుగైదు నెలల పని మీద ఏడాదంతా నెట్టుకొచ్చిన కూలీకి ఆ వెసులుబాటు లేదు. మూతపడిన నెలలోనే కార్మిక శాఖ ఊరూరా తిరిగి ఇలాంటివారి జాబితా రాసుకుని ఉంటే, ఇవాళ ఫ్యాక్టరీ తెరిచినా ఎవరిని పిలవాలో తెలిసేది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో, మూసివేతకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి అనే నిబంధన వంద మంది కార్మికులున్న సంస్థల నుంచి మూడు వందల మంది ఉన్నవాటికి మారింది. సీజన్ మీద నడిచే పరిశ్రమలకైతే అది ముందు నుంచీ వర్తించదు. అనుమతి అడగవలసిన పనే లేని యజమాని గేటుకు తాళం వేసిన రోజున, కలెక్టరు దగ్గర కార్మికులకు వెంటనే చెల్లించడానికి వాడగల నిధి ఏదైనా ఉందా? బోధన్ కోసం టెండరు పిలిచే ముందు, ఎవరికి ఎంత బకాయి ఉందో, అందులో ఎంత చెల్లించారో పేరుపేరునా జాబితా వేసి ఫ్యాక్టరీ గేటుకే అంటించండి.