మరగనట్టు కనిపించే నీళ్లతోనే ముప్పు

పొయ్యి మీద పెట్టిన నీళ్లు మరుగుతున్నాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు పడతాయి, కాసేపటికి సన్నగా సొద మొదలవుతుంది, ఆ తర్వాత కళపెళ తెర్లుతాయి. వంటింట్లో చేయి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో మనకు నేర్పినవి ఆ బుడగలూ ఆ చప్పుడే. మైక్రోవేవ్‌లో కప్పు నీళ్లు పెట్టి రెండు మూడు నిమిషాలు తిప్పితే ఈ గుర్తులేవీ కనిపించకపోవచ్చు. గంట మోగుతుంది, తలుపు తీస్తాం, నీళ్లు కదలకుండా ఉంటాయి. ఇంకా కాగలేదేమో అనుకుంటూ కప్పు అందుకుని చెంచాడు కాఫీ పొడి వేస్తాం. ఆ పొడి తగిలీ తగలగానే నీళ్లు ఎగజిమ్మి చేతులూ ముఖమూ కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి.

ఈ హెచ్చరిక ఫోన్లలో చేతులు మారుతూ వచ్చిందని చాలామంది దీన్ని పుకార్లలో కలిపేశారు. పుకారు కాదు. మైక్రోవేవ్‌లో అతిగా కాగిన నీళ్లు కప్పులోంచి చిమ్మడంతో చేతులు, ముఖం తీవ్రంగా కాలినట్టు తనకు ఫిర్యాదులు అందాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగంగానే చెప్పింది. గృహోపకరణాల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60335లో మైక్రోవేవ్‌లకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. వేడి చేసిన పానీయాలు ఆలస్యంగా, ఉన్నట్టుండి చిమ్మే అవకాశం ఉందన్న మాట వాడకం పుస్తకంలో ఉండి తీరాలని అది చెబుతుంది. అంటే తయారీదారులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. తెలిసిన ప్రమాదాన్ని ఎవరూ తెరవని పుస్తకంలో ఒక వాక్యంగా పెట్టి, కాలినవాళ్లనే అజాగ్రత్త మనుషులని నిందించే పద్ధతి మీదే నా అభ్యంతరమంతా.

జరిగేదేమిటో తెలిస్తే ఆ నింద ఎంత అన్యాయమో అర్థమవుతుంది. నీళ్లు 100 డిగ్రీలకు చేరినంత మాత్రాన మరగవు. ఆవిరి బుడగగా మారడానికి దానికి ఎక్కడో ఒక ఆసరా కావాలి. పొయ్యి మీది గిన్నెలో ఆ ఆసరాకు లోటు లేదు. అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటుంది, దాని మీది గీతల్లో, గరుకుల్లో కంటికి కనబడనంత గాలి చిక్కుకుని ఉంటుంది. బుడగలు అక్కడే పుడతాయి. మైక్రోవేవ్‌లో వేడి పుట్టేది నీళ్లలోనే. కప్పు గోడలు నీళ్లకంటే చల్లగా ఉంటాయి. ఆ కప్పు నున్నని గాజుదో పింగాణీదో అయితే బుడగ మొదలయ్యే చోటే దొరకదు. నీళ్లు 100 దాటి మరికొన్ని డిగ్రీలు పైకి వెళ్లినా పైకి మాత్రం నిలకడగానే ఉంటాయి. చెంచా పెట్టినా, పంచదార వేసినా, టీ పొట్లం ముంచినా, కప్పు కాస్త కదిలినా అంతసేపూ దొరకని ఆసరా ఒక్కసారిగా దొరుకుతుంది. కాఫీ పొడి అన్నిటికంటే ఎక్కువ ఆసరా ఇస్తుంది, దాని ప్రతి రేణువూ తనతో కొంత గాలిని మోసుకొస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 250 మిల్లీలీటర్ల నీళ్లు మరుగు స్థానం కంటే కేవలం 5 డిగ్రీలు ఎక్కువ కాగాయనుకోండి. ఆ అదనపు వేడి రెండు గ్రాములకు కాస్త పైగా నీటిని ఆవిరి చేయడానికి సరిపోతుంది. రెండు గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ అంత నీరు ఆవిరైతే దాదాపు నాలుగు లీటర్ల చోటు కావాలి. పావు లీటరు కప్పు అడుగు నుంచి నాలుగు లీటర్ల ఆవిరి క్షణంలో పైకి తన్నుకొస్తే దాని మీదున్న నీళ్లు కప్పులో ఎలా నిలుస్తాయి? అరవై డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లు తగిలితే చాలు, చర్మం లోతుగా కాలుతుంది. మరిగే నీళ్లకు అంత వ్యవధి కూడా అక్కర్లేదు.

మన వంటింటి అలవాట్లు ఈ ప్రమాదానికి మరింత దారి ఇస్తున్నాయి. ఇన్నాళ్లూ మనం నీళ్లు కాచింది స్టీలు గిన్నెల్లో, సత్తు గిన్నెల్లో. మైక్రోవేవ్‌లోకి అవి పనికిరావు కాబట్టి నున్నని కప్పులు వచ్చాయి. నీళ్లు కాగాక పొడి కలపడం మన వరస, మైక్రోవేవ్ దగ్గర అదే ప్రమాదకరమైన వరస. కాచి మరిచిపోయిన నీళ్లను మళ్లీ వేడికి పెట్టడం ఇంకొకటి. మొదటి వేడికి నీళ్లలో కరిగి ఉన్న గాలి చాలావరకు వెళ్లిపోతుంది, రెండోసారి బుడగకు ఆ ఆసరా కూడా ఉండదు.

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లే మన అమ్మానాన్నల గురించి నాకు ఎక్కువ భయం. కూతురి కాన్పుకు సాయంగా వెళ్లిన తల్లి తనది కాని వంటింట్లో, పొయ్యికి పైన గోడకు బిగించిన మైక్రోవేవ్ ముందు నిలబడుతుంది. అక్కడ చాలా ఇళ్లలో దాని చోటు అదే. కాస్త పొట్టి మనిషైతే కప్పు సరిగ్గా ముఖం ఎత్తున ఉంటుంది. మునివేళ్ల మీద లేచి, రెండు చేతులూ చాచి, కాగిన నీళ్లను కళ్ల ముందు నుంచే కిందికి దించాలి. చిమ్మితే తప్పుకునే వీలేది? పసిబిడ్డ పాలసీసాతో ఇంకో ప్రమాదం ఉంది. మైక్రోవేవ్ సమంగా వేడి చేయదు. సీసా బయట గోరువెచ్చగా తగులుతుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. సీసాను బాగా ఊపి, వేడి చూశాకే పట్టాలని కూడా ఆ ఐఈసీ ప్రమాణంలోనే ఉంది.

ఆ అమెరికాలోనే మనం నేర్చుకోదగ్గ పని ఒకటి జరిగింది. చిన్నపిల్లలు తామే మైక్రోవేవ్ తలుపు తీసి, లోపలి వేడి ద్రవం మీద పోసుకుని కాలుతున్న సంగతిని షికాగోలో కాలిన గాయాలకు చికిత్స చేసేవారు, పిల్లల వైద్యులు పట్టించుకున్నారు. తల్లిదండ్రులకు బుద్ధులు చెప్పి ఊరుకోలేదు. ఏ వయసు పిల్లలు ఆ తలుపు తీయగలరో పరీక్షించి చూశారు. 17 నెలల పిల్లలకు కూడా అది సాధ్యమేనని తేలింది. ఆ ఆధారాలతో అక్కడి భద్రతా ప్రమాణం యూఎల్ 923ను మార్పించారు. తలుపు తీయాలంటే రెండు వేర్వేరు పనులు చేయాల్సి ఉండే ఏర్పాటు 2023 మార్చి నుంచి తప్పనిసరి అయింది. తప్పు మనిషిలో వెతకకుండా వస్తువును సరిదిద్దడమంటే ఇదే.

మన దగ్గర ఆ అవకాశం లేక కాదు. మైక్రోవేవ్‌లు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర తప్పనిసరిగా నమోదు కావాల్సిన వస్తువుల్లో ఉన్నాయి. ప్రమాణం ఉంది, నమోదు ఉంది, హెచ్చరిక వాక్యమూ ఉంది. లేనిదల్లా ఆ వాక్యం చేయి పడే చోట, చదవగలిగే భాషలో ఉండటం. ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే మన తూనికలు, కొలతల నిబంధనలకు చాలు. ధరకు, బరువుకు అది సరిపోతుందేమో గానీ ఒళ్లు కాలే విషయానికి సరిపోదు. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి మైక్రోవేవ్ తలుపు మీద ఈ హెచ్చరిక తెలుగులో, చెరగని అక్షరాలతో ఉండాలి.

అంతవరకూ మనం చేయగలిగినవి ఉన్నాయి. పొడి, పంచదార ముందే కలిపి వేడి చేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుందని ఎఫ్‌డీఏ చెబుతోంది. ఉత్త నీళ్లే కాచాల్సి వస్తే కప్పులో ఒక చెక్క పుల్ల వేయండి, అవసరానికి మించి తిప్పకండి, ఆగిపోయాక తలుపు తీయకుండా నిమిషం పాటు అలాగే వదిలేయండి. కప్పు మీదికి వంగి చూడటం మాత్రం వద్దు.

ఒకవేళ కాలితే ముందు కుళాయి కింద పెట్టాలి. మామూలు చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పడనివ్వాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఐసు పెట్టకూడదు. పేస్టు, పసుపు, ఇంకు, వెన్న పూయడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. అవి వేడిని లోపలే నిలిపేస్తాయి, పుండులో చీము పట్టే ప్రమాదాన్ని పెంచుతాయి, డాక్టరు గాయాన్ని చూడాలంటే వాటిని గీకి తీయాల్సి వస్తుంది. ముఖం, కళ్లు కాలితే, పసిపిల్లలకు కాలితే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు.

కాలిన ఆడవాళ్లు చాలాసార్లు ముందుగా అనే మాట "నేనే చూసుకోలేదు" అని. చూసుకోవడానికి నీళ్లు ఏ గుర్తూ ఇవ్వలేదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. కొత్త మైక్రోవేవ్ కొన్నప్పుడు కంపెనీ మనిషి ఇంటికి వచ్చి కేకు ఎలా చేయాలో, పాపడ్ ఎలా కాల్చాలో చూపిస్తాడు. ఒక కప్పు నీళ్లు పెట్టి, పక్కకు నిలబడి, ఈ సంగతి కూడా చెప్పి వెళ్లమని కంపెనీలు అతనికి చెప్పవచ్చు. దానికి బీఐఎస్ ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.